గుర్రం ఇంటి దగ్గరా, శాలలోనా?

బడికి వెళ్ళే వయసులో గుర్రాన్ని చూసుకోవాలంటే ముందు తేల్చుకోవలసింది అది ఎక్కడ ఉండాలన్నదే: ఇంటి దగ్గరా, డబ్బు కట్టి ఉంచే గుర్రపుశాలలోనా.

ఇంటి దగ్గరే ఉంటే ప్రయాణం ఉండదు, పని మాత్రం తెల్లవారకముందే మొదలవుతుంది. 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి కావాలి. దాని కడుపు చిన్నది కాబట్టి ఒకేసారి పడేసి వెళితే కుదరదు, కొంచెం కొంచెంగా రోజంతా అందాలి. నీళ్ళ తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి. లద్దె తీసి పారబోయాలి. ఆపైన నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే పట్టుకుని గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ తీయాలి. లెక్కల పరీక్ష ఉన్న ఉదయమే అది వెనక కాలు ఎత్తనని మొండికేస్తుంది! అయితే రోజూ చూసే కంటికి చిన్న మార్పు కూడా దొరికిపోతుంది. మేత ముట్టకుండా, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూస్తూ, ముందు కాలితో నేల గీరుతుంటే కడుపునొప్పి అని అనుమానించి వెంటనే పశువైద్యుడికి ఫోను చేయాలి.

శాలలో ఉంచితే మేత, శుభ్రం పనివాళ్ళు చూస్తారు. ఖర్చు ఎక్కువ, రానుపోను సమయం అదనం. స్వారీకి మాత్రమే వచ్చిపోయే అలవాటు పడితే యజమాని కాస్తా అతిథి అయిపోతాడు.

అయినా పెద్ద పరీక్షల ఏడాది నా ఓటు శాలకే, ఉదయం మేత వేసే బాధ్యత ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా తీసుకుంటే తప్ప. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించడం రెండుచోట్లా తప్పదు. ఆ తేదీని పరీక్షల పట్టికలోనే రాసిపెట్టుకోవడం మేలు.