కరామాలో కలమాన్సీ: కాయ కొనాలా, ఫ్రోజెన్ రసమా, సీసానా?

దుబాయ్‌లో కలమాన్సీ అనే ఫిలిపినో చిన్న నిమ్మజాతి కాయ కోసం వెతికేవాళ్లకి నా సలహా ముందే చెప్తాను. తాజా కాయ కనిపించిన రోజున కాయే కొనండి, ధర చూసి వెనక్కి తగ్గొద్దు. అది దొరక్కపోతే చక్కెర కలపని ఫ్రోజెన్ రసం తీసుకోండి. సీసాల్లో వచ్చేది మాత్రం వంటకి పనికిరాదు.

ఫిలిప్పీన్స్‌లోని దవావ్‌లో మెడిసిన్ చదివినన్నాళ్లూ ఈ కాయ లేకుండా అక్కడి భోజనం తిన్నట్టు నాకు గుర్తులేదు. ఆ ఊళ్లో దీన్ని లిమోన్సీటో అంటారు. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. పైకి పచ్చగా కనిపిస్తుంది, కోస్తే లోపల నారింజ రంగు. పులుపు నిమ్మకాయకి ఏమాత్రం తగ్గదు, వాసనలో మాత్రం కమలాతొక్క ఘాటు ఉంటుంది. ఫిలిపినో వంటల్లో అడోబో అనే మాంసం కూరకి పులుపు వెనిగర్ నుంచి వస్తుంది, సినిగాంగ్ పులుసుకి చింతపండు నుంచి. కలమాన్సీని ఎక్కువగా వడ్డించాకే పిండుకుంటారు. పన్సిత్ నూడుల్స్ మీద, పెనం మీద చిటపటలాడే సిసిగ్ అనే పందిమాంసం వేపుడు మీద, ఒంట్లో బాగోనప్పుడు తాగే అర్రోస్ కాల్డో అనే కోడిమాంసం గంజిలో. సోయా సాస్‌లో నాలుగు కాయలు పిండి, చిట్టి మిరపకాయలు చిదిమి వేస్తే టొయోమాన్సీ. కాల్చిన చేపకి అంతకన్నా మంచి జోడీ నాకు తెలియదు.

దుబాయ్‌లోని కరామా, సత్వా పేటల్లో ఉన్న ఫిలిపినో కొట్లలో తాజా కాయ వస్తుంది కానీ రోజూ ఉండదు. స్టాక్ ఎప్పుడు దిగిందో మా వార్డులో పనిచేసే ఫిలిపినో నర్సుకి తెలిసిపోతుంది. ఆవిడని నేను ఆతే అని పిలుస్తాను, అంటే అక్క. తొక్క గట్టిగా, నిగనిగలాడుతూ ఉండాలని, చేతిలో బరువుగా తగలాలని ఆవిడే నేర్పింది. తొక్క ముడతపడితే లోపల రసం ఉండదు. గింజలు చాలా ఎక్కువ కాబట్టి అడ్డంగా కోసి టీ వడకట్టే జాలీలోకి పిండండి. ఆ వాసనంతా తొక్కలోని నూనెది. అందుకే పొయ్యి ఆపాకే పిండాలి.

ఫ్రోజెన్ రసంలో ఆ తొక్క వాసన సగమే మిగులుతుంది. అయినా బిస్టెక్ అనే ఫిలిపినో గొడ్డుమాంసం వంటకం కోసం మాంసాన్ని సోయా సాస్‌లో నానబెట్టడానికి భేషుగ్గా సరిపోతుంది. ఒక కొట్లో కొన్న ప్యాకెట్ ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టుంది, రసం చేదెక్కింది. ప్యాకెట్ వంకర తిరిగి, మూలల్లో మంచు పేరుకుని ఉంటే తీసుకోకండి.

సీసా తిప్పి వెనక చదవండి. చాలావాటిలో పదార్థాల జాబితాలో చక్కెర ముందు వరుసలోనే ఉంటుంది. చల్లటి నీళ్లలో కలుపుకుని తాగితే హాయిగానే ఉంటుంది, అది పానీయం కోసం చేసిందే. పన్సిత్ మీద పోస్తే మాత్రం తియ్యగా అయిపోతుంది.

నిమ్మరసంలో కాస్త కమలారసం కలిపితే సరిపోతుందని చాలామంది చెప్తారు. బిస్టెక్‌కి ఒప్పుకుంటాను. టొయోమాన్సీకి, పచ్చి చేపతో చేసే కినిలావ్‌కి ఒప్పుకోను, వాటిలో ఆ పరిమళం లేకపోతే ఇంకేమీ మిగలదు. మన చేపల వేపుడు మీద కూడా పిండి చూడండి, ఉల్లిపాయ ముక్కలతో అద్భుతంగా ఉంటుంది.

కాయలు ఎక్కువ దొరికితే రసం పిండి ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి, కొన్న ప్యాకెట్ కన్నా ఇదే నయం. పండి పసుపు తిరిగిన కాయల్ని పారేయొద్దు, వాటిలో పులుపు కాస్త తగ్గుతుంది కాబట్టి షర్బత్‌కి అవే బాగుంటాయి.