జాగ్రత్త: రాగి అని చెప్పి అల్యూమినియం నెట్‌వర్క్ కేబుల్ అంటగడుతున్నారు

ఇంట్లో పెట్టుకున్న సర్వర్ ఉన్నట్టుండి నెట్‌వర్క్‌లోంచి మాయమవుతోందని తల పట్టుకున్నవారు ఎవరైనా ఉంటే, పెట్టె విప్పే ముందు దానికి తగిలించిన కేబుల్‌ను ఒకసారి చూడండి. నేను చూడలేదు. మూడు వారాలు వృథా అయ్యాయి. అవసరం లేని ఫ్యాన్ ఒకటి, నెట్‌వర్క్ స్విచ్ (పలు కేబుళ్లను కలిపే పెట్టె) ఒకటి కొన్నాను. ఇంట్లో పరువు కూడా కొంత పోయింది.

మాది మల్కాజిగిరిలో రెండంతస్తుల ఇల్లు. రౌటర్ కింద హాల్లో ఉంటుంది. ఏదో కార్యాలయం వదిలించుకున్న పాత చిన్న కంప్యూటర్‌ను కొని, 4 టీబీ డిస్కులు రెండు బిగించి, పై గదిలో సర్వర్‌గా పెట్టాను. ఇంటిల్లిపాది ఫొటోలు, నాన్నగారు పాడిన పద్యాల రికార్డింగులు, వాకిలి కెమెరా దృశ్యాలు అన్నీ అందులోనే ఉంటాయి. కింది నుంచి పైకి లాగడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక దుకాణంలో మీటరు 14 రూపాయల చొప్పున 35 మీటర్ల కేబుల్ తీసుకున్నాను. ‘‘అసలైన రాగి సార్, క్యాట్ 6, గిగాబిట్‌కు ఢోకా లేదు’’ అన్నాడు దుకాణదారు. క్యాట్ 6 అంటే నెట్‌వర్క్ కేబుళ్లలో ఒక నాణ్యత శ్రేణి, గిగాబిట్ అంటే సెకనుకు 1000 మెగాబిట్ల వేగం. మొత్తం 490 రూపాయలు. చిట్టీ మీద ‘కేబుల్’ అన్న ఒక్క మాట, కింద మొత్తం, అంతే. అక్కడే ప్లగ్గులు బిగించి, అరచేతిలో పట్టే టెస్టర్‌కు తగిలించి, ఎనిమిది దీపాలూ వరుసగా వెలగడం చూపించాడు. చూసి మురిసిపోయాను. ఆ దీపాల సంగతి తర్వాత చెబుతాను.

రెండు వారాలు బాగానే నడిచింది. ఏప్రిల్ ఎండలు ముదిరాక మొదలైంది తంటా. మధ్యాహ్నం ఒంటి గంట దాటితే చాలు, అమ్మ టీవీలో పాత పెళ్లి వీడియో చూస్తుండగానే బొమ్మ ఆగిపోయేది. ఒకసారి పది సెకన్లు, ఒకసారి రెండు నిమిషాలు. మళ్లీ దానంతట అదే వచ్చేది. రాత్రిళ్లు ఏ గొడవా లేదు. ఇంకేముంది, సర్వర్ వేడెక్కుతోందని తీర్పు చెప్పేసి దానికో ఫ్యాన్ కొన్నాను. ‘‘పడకగది ఫ్యాన్ రెగ్యులేటర్ చెడిపోయి ఆరు నెలలైంది, దాని ఊసు లేదు. ఆ డబ్బాకు మాత్రం కొత్త ఫ్యాన్ తెచ్చారు’’ అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత చేసినవన్నీ చీకట్లో రాళ్లు వేయడమే. ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఒక పరికరాన్ని గుర్తించే అంకెలు) ఇంకో పరికరంతో కలిసిపోతోందేమోనని, రౌటర్‌లో సర్వర్‌కు స్థిరమైనది కేటాయించాను. నెట్‌వర్క్ చిప్ విద్యుత్తు పొదుపు చేసే అమరికను ఆపేశాను. ఇంటెల్ ఐ225 చిప్ తొలి రకాలకు 2.5 గిగాబిట్ వేగం దగ్గర లోపం ఉండేదని చదివి, ఒక సాయంత్రమంతా నా కంప్యూటర్‌లో ఆ లోపాన్ని వెతికాను. తీరా చూస్తే నాది అసలు ఆ చిప్పే కాదు, మామూలు 1 గిగాబిట్ రియల్‌టెక్. పాత స్విచ్ తీసి కొత్తది పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం యథాప్రకారం అమ్మ పిలుపు.

మొదటి రోజే చేయవలసిన పని ఇరవయ్యో రోజున చేశాను: సర్వర్ లాగ్, అంటే జరిగినవన్నీ అది రాసుకునే చిట్టా, తెరిచి చదివాను. ‘లింక్ డౌన్’ (తీగ మీది సంబంధం తెగింది), కొన్ని సెకన్లకు ‘లింక్ అప్’ (మళ్లీ కలిసింది), మళ్లీ ‘లింక్ డౌన్’. పైకి లేచినప్పుడు కూడా కొన్నిసార్లు 1000కు బదులు 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు; ఎనిమిది బిట్లు ఒక బైటు) అని ఉంది. సెకనుకు 110 మెగాబైట్ల చొప్పున కాపీ అయ్యే ఫైళ్లు అప్పుడప్పుడూ 11 దగ్గర ఎందుకు ఈడ్చుకుంటున్నాయో అప్పుడు అర్థమైంది. ఒకే ఐపీ చిరునామా రెండు పరికరాలకు వెళితే మాటలు కలవవు గాని, లింక్ తెగదు. లింకే తెగుతోందంటే తీగ, ప్లగ్గు, పోర్టు, ఈ మూడింటిలో ఏదో ఒకటి.

కేబుల్‌లో నాలుగు జతలు, ఎనిమిది తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అయితే ఏ వేగంతో మాట్లాడుకోవాలో రెండు పరికరాలూ ఒప్పందానికి వచ్చేది మొదటి రెండు జతల మీదే. మిగతా వాటిలో ఒక తీగ తెగి ఉన్నా, పాపం ఆ సంగతి తెలియక గిగాబిట్‌కే ఒప్పుకుంటాయి. మొదలుపెట్టాక కుదరదు, లింక్ పడిపోతుంది, మళ్లీ ప్రయత్నిస్తాయి. కొన్నిసార్లు విఫలమయ్యాక చాలా చిప్‌లు వాటంతట అవే 100కు దిగుతాయి. నా లాగ్‌లో ఉన్నది సరిగ్గా ఈ కథే.

అప్పుడైనా సర్వర్‌ను కిందికి మోసుకొచ్చి, ఒక మీటరు పాత కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించాను. మూడు రోజులు, మూడు మండుటెండ మధ్యాహ్నాలు, ఒక్కసారి కూడా తెగలేదు. మెట్లు దిగడానికి బద్ధకించకపోతే మొదటి వారంలోనే తేలిపోయేది.

ఆ వారమే వేరే పని మీద వచ్చిన ఇంటర్నెట్ కుర్రాడు, పక్కన చుట్టి పెట్టిన ఆ కేబుల్‌ను చేతిలోకి తీసుకుని, ‘‘ఇంత తేలికగా ఉందేమిటి సార్?’’ అన్నాడు. ఒక తీగ పైతొడుగు ఒలిచి బ్లేడుతో గీకాడు. ఎర్రటి పూత లేచి కింద తెల్లగా మెరిసింది. రెండుసార్లు అటూ ఇటూ వంచగానే పుటుక్కున విరిగింది. పై గది ప్లగ్గును కోసి చూస్తే గోధుమ రంగు జతలో ఒక తీగ అప్పటికే చిట్లి ఉంది.

రాగి పూత వేసిన అల్యూమినియం అది. వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు లాంటిదే, కాకపోతే ఆ గొలుసు అమ్మేవాళ్లు అది బంగారం కాదని చెప్పి అమ్ముతారు. క్యాట్ 6 ప్రమాణం ఇలాంటి తీగను ఒప్పుకోదు. అదే మందం రాగి తీగతో పోలిస్తే విద్యుత్ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. నా 35 మీటర్లకు నిరోధం ఒక్కటే అయితే నెట్టుకొచ్చేదేమో, దెబ్బ తీసింది దాని పెళుసుదనం. అల్యూమినియం రాగికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కూడా. పిట్టగోడ వెంట ఎండలో కాలిన తీగలో ఆ చిట్లు మధ్యాహ్నం విడిపోతూ, రాత్రి చల్లబడ్డాక అతుక్కుంటూ ఉండి ఉండాలి. కెమెరాలకు కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే పంపేవారు మరింత జాగ్రత్త పడాలి, ఇలాంటి తీగ వేడెక్కుతుంది.

ఇక ఆ ఎనిమిది దీపాలు. ఆ టెస్టర్ చూసేది తీగ ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా ఉందా అన్నది మాత్రమే. అది రాగిదా, అల్యూమినియందా అన్నది దానికి పట్టదు. అయస్కాంతం కూడా పనికిరాదు, ఇనుము కలిస్తే తప్ప అంటుకోదు.

దుకాణానికి వెళితే మొదట ‘‘మీ సర్వర్‌లోనే లోపం’’ అన్నాడు. ముక్క గీకి చూపిస్తే, ‘‘కోసి ఇచ్చిన కేబుల్ వెనక్కి తీసుకోం’’ అన్నాడు. బిల్లు అడిగితే ఆ చిట్టీయే బిల్లన్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అక్రమ వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. చేతిలో సరైన బిల్లు లేదు కాబట్టి పెద్దగా ఆశ లేదు. 490 రూపాయలకు ఇంత రాద్ధాంతమా అని మా బావమరిది నవ్వాడు. అతని ఇంట్లో కేబుల్‌ను కూడా గీకి చూశాం. ఇప్పుడు నవ్వడం లేదు.

అదే వీధిలో నాలుగు అడుగుల దూరంలో మరో దుకాణం. అడగకముందే అంగుళం ముక్క కోసి, గీకి, చేతిలో పెట్టాడు. లోపలిదాకా ఎరుపే. పైతొడుగు మీద 23 ఏడబ్ల్యూజీ అని తీగ మందం, మీటరు మీటరుకూ పొడవు అంకెలు అచ్చేసి ఉన్నాయి. నా పాతదాని మీద ‘క్యాట్ 6 హై స్పీడ్’ అన్న ప్రగల్భం తప్ప ఇంకేమీ లేదు. మీటరు 27 రూపాయలు, బిల్లు మీద ‘క్యాట్ 6, పూర్తి రాగి’ అని రాయించుకున్నాను. గీకి చూపించమంటే ముఖం చిట్లించే చోట కొనకండి, మీటరు 14కు పూర్తి రాగి ఇస్తానంటే అసలే కొనకండి.

కొత్త కేబుల్ వేసి నలభై రోజులైంది. ‘లింక్ డౌన్’ లాగ్‌లో రెండుసార్లు కనిపించింది, రెండూ గాలివానకు కరెంటు పోయి కింద రౌటర్ ఆగిపోయినప్పటివి.