హార్త్‌స్టోన్‌లో కొత్త కార్డులు: విడుదలైన వారం మార్కులు, మూడు నెలల తర్వాతి మార్కులు

ఇద్దరు ఎదురెదురుగా తలపడే డిజిటల్ కార్డుల ఆట హార్త్‌స్టోన్ 2015లో ఫోన్లలోకి వచ్చినప్పటి నుంచి నేను ఈ ఆట ఆడుతున్నాను. మియాపూర్, అమీర్‌పేట మధ్య మెట్రో మొదలయ్యాక ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు ఒకటి చొప్పున రోజుకు రెండు ఆటలు అలవాటయ్యాయి. సుమారు నాలుగు నెలలకు ఒకసారి కొత్త కార్డుల విడత వస్తుంది. విడుదలకు ముందే ప్రతి కార్డునూ చదివి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా బావమరిదితో కలిసి నోటుపుస్తకంలో ఐదుకు ఇన్ని అని మార్కులు వేయడం, మూడు నెలల తర్వాత వాటిని సరిచూసుకోవడం మా ఇద్దరికీ ఆనవాయితీ. మొన్న ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేశాను. మా పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకే చోట జరిగాయి: కార్డు ఏం చేస్తుందో చదివామే తప్ప, అది ఎన్నో టర్నులో (వంతులో) చేతికి పడుతుందో, అప్పటికి ఆట ఏ స్థితిలో ఉంటుందో ఆలోచించలేదు.

షరతులు లేని కార్డును అంచనా వేయడం తేలిక. అంతే మానాకు (కార్డును దించడానికి అయ్యే ఖర్చుకు) దొరికే పాత కార్డు పక్కన పెట్టి చూస్తే చాలు. 2014 డిసెంబరులో వచ్చిన డాక్టర్ బూమ్ ఏడు మానాకు 7/7గా, అంటే దాడి బలం 7, ప్రాణం 7తో దిగుతాడు. అంతకు ముందున్న వార్ గోలెమ్ కూడా ఏడు మానాకు 7/7 మాత్రమే. బూమ్ వెంట అదనంగా రెండు బాంబు బొమ్మలు వస్తాయి, అవి చచ్చేటప్పుడు ఒక్కొక్కటి ఎదుటి పక్షంలో ఎవరో ఒకరికి 1 నుంచి 4 వరకు నష్టం చేస్తాయి. ఇక్కడ పొరబడే అవకాశమే లేదు.

చిక్కంతా షరతులున్న కార్డులతోనే. 2017 ఏప్రిల్‌లో వచ్చిన అన్‌గోరో విడతలో హంటర్ అనే హీరోకు మార్ష్ క్వీన్ అనే క్వెస్ట్ (చెప్పిన పని పూర్తి చేస్తే బహుమతి ఇచ్చే కార్డు) ఇచ్చారు. ఒక మానా మినియన్లను (బల్ల మీద నిలబడి పోరాడే కార్డులను) ఏడింటిని దించితే క్వీన్ కర్నాసా చేతికి వస్తుంది. ఐదు మానాకు 8/8. దిగగానే డెక్కులో (మన కార్డుల కట్టలో) పదిహేను రాప్టర్లను కలుపుతుంది, ప్రతి రాప్టరూ ఒక మానాకే 3/2గా దిగి ఇంకో కార్డును చేతికి ఇస్తుంది. చదవగానే ఇద్దరమూ ఐదుకు ఐదు వేశాము. నేను 1600 డస్ట్ (కార్డులను కరిగిస్తే వచ్చేది, కొత్త కార్డుల తయారీకి ఖర్చయ్యేది) పెట్టి ఆ కార్డును తయారు చేసుకున్నాను. ఆ వారంలో రాణి దిగిన ఆటలు దాదాపు అన్నీ గెలిచాను, అయినా ర్యాంకు కిందికే జారింది. కారణం అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. రాణిని దించేంత వరకు నిలబడిన ఆటలంటే ఎలాగూ నేను పైచేయిగా ఉన్న ఆటలే. రాణి ముఖం చూడకుండానే ముగిసిపోయిన ఆటలను నేను ఆ కార్డు ఖాతాలో రాయనే లేదు. క్వెస్ట్ ఎప్పుడూ తొలి చేతిలోనే ఉంటుంది కాబట్టి మొదటి ముక్కల్లో ఒకటి తగ్గినట్టే, మొదటి టర్ను మానా కూడా దానికే ఖర్చవుతుంది; ఆ తర్వాత చిన్న మినియన్లు ఒక్కొక్కటిగా రాలిపోతుంటే ఏడో దానికి చేరేలోపే చేయి ఖాళీ అవుతుంది. అప్పటి నుంచి ట్రాకర్లు (ఆటల లెక్కలు నమోదు చేసే యాప్‌లు) చూపే ‘ఆడినప్పుడు గెలుపు శాతం’ అనే అంకెను ఆలస్యంగా దిగే కార్డుల విషయంలో నేను నమ్మడం మానేశాను. మామూలు కార్డుకైతే ‘చేతికి వచ్చినప్పుడు గెలుపు శాతం’, క్వెస్టుకైతే మొత్తం డెక్కు గెలుపు శాతం చూస్తాను.

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ప్రిన్స్ కెలెసెత్ విషయంలో తప్పు తలకిందులుగా జరిగింది. రెండు మానాకు 2/2; దిగేటప్పుడు డెక్కులో రెండు మానా కార్డులేవీ లేకపోతే అందులోని మినియన్లన్నిటికీ +1/+1 ఇస్తాడు. రెండో టర్నును వదులుకుని డెక్కు కట్టడమేమిటని నేను ఒకటి వేశాను. మా బావమరిది మూడు వేసి, “బావా, కెలెసెత్ రాకపోతే హీరో పవర్ ఉంది కదా, దానికీ రెండు మానాయే కదా” అన్నాడు. హీరో పవర్ అంటే టర్నుకు ఒకసారి వాడుకోగల హీరో సొంత శక్తి. నేను వినిపించుకోలేదు. ఆ ఆదివారం ఇరానీ చాయ్ తాగుతూ ఎదురెదురుగా కూర్చుని ఆడాము. అతను రోగ్ అనే హీరోతో రెండో టర్నులో కెలెసెత్‌ను దించి, ఖర్చు లేని షాడోస్టెప్ అనే కార్డుతో చేతిలోకి వెనక్కి తీసుకుని, అదే టర్నులో ఉచితంగా మళ్లీ దించాడు. మూడో టర్నులో ఒక మానా పైరేట్ 3/3గా దిగింది, దాని వెంట డెక్కులోంచి ప్యాచెస్ అనే ఇంకో పైరేట్ కూడా 3/3గా దూకి నేరుగా నా హీరో మీద పడ్డాడు. దిగిన టర్నులోనే దాడి చేసే ఆ గుణాన్ని 2018 ఫిబ్రవరిలో ప్యాచెస్ నుంచి తీసేశారు.

అయినా ఆ ఒక్క ఆట చూసి కెలెసెత్‌కు ఐదు వేయడం కూడా తప్పే అవుతుంది. లెజెండరీ (అత్యంత అరుదైన రకం కార్డు) కాబట్టి ముప్పై కార్డుల డెక్కులో ఒక్కటే ఉంటుంది. మొదట ఆడేవారు ముల్లిగన్‌లో (ఆట మొదట్లో నచ్చని కార్డులు మార్చుకునే అవకాశంలో) మూడు ముక్కలూ మార్చుకుని వెతికినా, రెండో టర్నుకల్లా అతను చేతికి వచ్చే అవకాశం సుమారు 26 శాతమే. నలభై ఆటలు ఆడితే పదింటిలో వస్తాడు. ఆలస్యంగా వస్తే డెక్కులో మినియన్లు తక్కువగా మిగిలి ఉంటాయి కనుక అతని విలువ ఆ మేరకు కరిగిపోతుంది. పైగా నలభై ఆటల్లో ఇరవైనాలుగు గెలవడం, సరిసమానమైన డెక్కుతో కూడా కేవలం అదృష్టం వల్ల జరగగలదు. మొదటి వారం ముగిసేసరికి నా దగ్గర ఉండేది ఇంతపాటి ఆధారమే. అప్పటికి ఎదుటివారి డెక్కులు కూడా కుదురుకోవు. దేనిని ఎదుర్కోవాలో తెలియక నెమ్మది డెక్కులు తడబడుతుంటాయి కాబట్టి దూకుడు కార్డులు ఉన్నదానికంటే బలంగా కనిపిస్తాయి.

అందుకే ఇప్పుడు విడుదలైన మూడు వారాల దాకా లెజెండరీలకు డస్ట్ ఖర్చు చేయను. మరీ బలంగా ఉన్న కార్డు దీనికి మినహాయింపు: దానిని నెర్ఫ్ చేస్తే (తయారీదారులు దాని బలం తగ్గిస్తే) కొన్నాళ్ల పాటు దాన్ని కరిగించి, పెట్టిన డస్ట్ పూర్తిగా వెనక్కి తీసుకునే వీలుంటుంది. బలహీనమని తేలిన లెజెండరీకి మాత్రం 400 మించి రాదు, అంటే 1200 పోయినట్టే. నోటుపుస్తకంలో మార్కు పక్కన ఇంకో గడి కూడా గీశాము. ఆ కార్డు ఎన్నో టర్నుకల్లా చేతికి పడితే పనికివస్తుందో, అప్పటికి వచ్చే అవకాశం ఎంతో అందులో రాస్తాము. ఆ గడి నింపాక సగం కార్డులకు మార్కులు మారిపోతున్నాయి.

మార్ష్ క్వీన్, కెలెసెత్ రెండూ 2019 ఏప్రిల్‌లో స్టాండర్డ్ (ఇటీవలి విడతల కార్డులతోనే ఆడే పద్ధతి) నుంచి వెళ్లిపోయాయి. కెలెసెత్‌ను పాత కార్డులు కూడా చెల్లే వైల్డ్‌లో ఇప్పటికీ అప్పుడప్పుడు ఆడుతున్నాను. మార్ష్ క్వీన్‌ను కరిగించి ఆ 400 డస్ట్ తీసుకున్నాను.