విశాఖ తేమలో గండుచీమల గూడు: మైట్లు, శుభ్రతపై ఒక సమీక్ష

పెంపుడు చీమల కోసం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గూడు, అక్రిలిక్ గూడు, ఇళ్లు కట్టే తేలిక ఇటుకైన ఏఏసీ బ్లాకులో తొలిచిన గూడు, ఈ మూడింటినీ ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాను. వాటిలో ఉన్నవి మన వీధుల్లో చెట్ల మొదళ్ల దగ్గర తిరిగే నల్లటి గండుచీమలే. శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్. గూడు ఎంత అందంగా ఉందో, చీమలు ఎంత స్పష్టంగా కనిపిస్తాయో అమ్మేవాళ్లు ఎలాగూ చెబుతారు కనుక, సముద్రపు గాలి తగిలే ఊళ్లో మైట్లు (సాలీడు వర్గానికి చెందిన అతి చిన్న జీవులు) పట్టకుండా, బూజు రాకుండా ఏ గూడు నిలుస్తుందన్న ఒక్క విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను. నా వాడకంలో నిలిచింది ఏఏసీ బ్లాకు గూడే.

చీమల గూట్లో కనిపించే మైట్లన్నీ ఒక్క రకం కావు. మిగిలిపోయిన మేత మీద, కుళ్లుతున్న పురుగుల మీద బతికే తెల్లటి మైట్లు చీమలను కొరకవు, వాటి రక్తం పీల్చవు. అయితే వాటిలో చాలా రకాలకు ప్రయాణం కోసమే ఏర్పడిన ఒక దశ ఉంటుంది. ఆ దశలో నోరు పనిచేయదు, ఆహారం అక్కరలేదు, చీమ ఒంటిని అంటిపెట్టుకుని, మేత, తడి ఉన్న మరో చోటు దొరికే వరకు అవి కదలకుండా ఉంటాయి. భూతద్దంలో చూస్తే చీమ పొట్ట మీది నున్నటి పలకలకు లేత గోధుమరంగు చుక్కలు అతికించినట్లు, అన్నీ దాదాపు ఒకే వైపుకు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. అవి నాలుగైదు ఉంటే చీమకు పెద్దగా బాధ లేదు. తల మీదికి, మీసాల మీదికి, కాళ్ల మీదికి వ్యాపించినప్పుడు మాత్రం చీమ పని మానేసి ఒళ్లు తుడుచుకుంటూనే ఉంటుంది, కొత్తగా కోశం నుంచి బయటికి వచ్చిన లేత చీమలు ముందుగా నీరసిస్తాయి. నిజంగా రక్తం పీల్చే పరాన్నజీవులు వేరు; అవి తరచుగా కాళ్ల కీళ్ల దగ్గర, మెడ సందులో పట్టుకుని ఉంటాయి. ఏది పట్టిందో తెలుసుకోకుండా మందుల కోసం పరుగెత్తడం మంచిది కాదు.

మేత మీద బతికే ఈ మైట్లకు ప్రాణాధారం తేమ. గాలిలో తేమ సుమారు 65 శాతం కన్నా దిగువకు పడి అక్కడే నిలిస్తే ధాన్యపు మైట్ల వంటివి పెరగలేవు. విశాఖలో జూన్ నుంచి అక్టోబరు దాకా ఇంటి గాలి ఆ హద్దుకు పైనే ఉంటుంది. పడమటి గాలి వీచే వేసవి రోజుల్లోనే కాస్త ఊరట. కాబట్టి పొడి వాతావరణం ఉన్న ఊళ్లవారు ఇచ్చే సలహాలను ఇక్కడ యథాతథంగా పాటిస్తే గూడు చెడిపోతుంది.

ప్లాస్టర్ గూడు ఈ పరీక్షలోనే ఓడిపోయింది. నీరు ఒక మూల పోసినా గూడంతా పీల్చుకుంటుంది, వర్షాకాలంలో వారాల తరబడి ఆరదు. చీమలు మలవిసర్జనకు గూటిలోనే కొన్ని మూలలను ఎంచుకుంటాయి. జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నల్ల తోట చీమలకు రంగు కలిపిన చక్కెర నీరు పెట్టి, ప్లాస్టర్ గూళ్లలో ఆ రంగు మరకలు కొన్ని మూలల్లోనే పేరుకోవడాన్ని 2015లో నమోదు చేశారు. మా గూటిలోనూ గోధుమరంగు మరకలు సరిగ్గా అలాగే కొన్ని మూలల్లోనే ఏర్పడ్డాయి, నల్లబూజు మొదలైనదీ అక్కడే, ఆ తరువాత తెల్ల మైట్లు తిరగడం మొదలుపెట్టినదీ అక్కడే. ప్లాస్టర్‌ను కడగలేము, గీకితే పొడి రాలుతుంది.

అక్రిలిక్ గూడును సబ్బు లేకుండా గోరువెచ్చని నీటితో కడగవచ్చు; ఆ మేరకు అది నిజంగా మేలు. కానీ అది నీటిని పీల్చుకోదు కనుక తెల్లవారుజామున మూత లోపలివైపు నీటి బొట్లు పట్టి, జారి, గుడ్ల కుప్ప మీద పడతాయి. చీమలు కంగారుగా గుడ్లను నోట కరచుకుని పక్క గదికి మోయడం అలాంటి ఉదయాల్లో చాలాసార్లు చూశాను.

ఏఏసీ బ్లాకు మన ఊళ్లో ఇళ్లు కట్టే చోట దొరికే తేలిక ఇటుకే. దాని ఒంటినిండా సన్నటి గాలి రంధ్రాలు ఉంటాయి. ఒక చివర చిన్న గుంట తొలిచి అందులో మాత్రమే నీరు పోస్తే ఆ వైపు తడిగా, రెండో చివర పొడిగా ఉంటుంది. దాని అసలు గొప్పతనం ఇదే. లార్వాలను తడి వైపు, కోశాలను పొడి వైపు పెట్టుకోవడం చీమలే చూసుకుంటాయి. మైట్లకు మాత్రం తడి, మేత రెండూ ఒక్కచోట దొరకవు, ఎందుకంటే చెత్త పోసే చోటు పొడి వైపు పైపుకు ఆవల, మేత పెట్టే డబ్బాలో ఉంటుంది. వర్షాకాలంలో నేను గుంటలో నీళ్లు పోయడం దాదాపు మానేసి, డబ్బాలో దూది పెట్టి మూసిన నీటి గొట్టం ఒక్కటే ఉంచుతాను.

శుభ్రత విషయంలో చీమలు చేసే పనే ఎక్కువ, మనం చేయాల్సింది వాటికి అడ్డు రాకుండా ఉండటం. చాలా చీమలకు రొమ్ము వెనుక భాగంలో క్రిములను చంపే ద్రవాన్ని స్రవించే గ్రంథి ఉంటుంది. కాంపొనోటస్ జాతుల్లో చాలావాటికి అది లేదు. అవి ఫార్మిక్ ఆమ్లం మీద, ఒకదానినొకటి నాకి శుభ్రం చేసుకోవడం మీద ఆధారపడతాయి. అందుకే వాటి గూట్లో మురికి పేరుకోనివ్వకూడదు. ఖాళీ కోశాలు, పురుగుల కాళ్లు, చచ్చిన చీమలు కలిపి అవి పోసే కుప్పను రెండు రోజులకోసారి పటకారుతో తీసేస్తాను, చక్కెర నీటిని మూత మీద ఒక్క బొట్టే వేస్తాను, పురుగు మేతను మరుసటి ఉదయానికి మించి ఉంచను.

మైట్లు మా ఇంటికి వచ్చింది ఒక దుకాణంలో కొన్న మీల్‌వార్మ్‌ల (మేతగా వేసే పిండి పురుగుల) తవుడులోనే. ఇప్పుడు కొన్న మేత పురుగులన్నీ ముందు కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంటాయి. తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసిళ్లు చీమలకు ప్రాణం, కానీ వాటిని కూడా ఫ్రీజర్‌లో పెట్టకుండా వేయను. ఇంట్లో చచ్చి పడిన బొద్దింకలను, చీమల మందు చాక్‌పీసు గీసిన గోడల దగ్గర పట్టిన పురుగులను ఎన్నడూ వేయకూడదు. మైట్లను చంపే మందులు చీమలను వదిలిపెడతాయన్న భరోసా లేదు, వాటి జోలికి పోకండి. బూజును తినే స్ప్రింగ్‌టెయిల్ పురుగులు తడి వైపు ఉంటే ఉండనివ్వండి. మీటితే ఎగిరిపడతాయి కనుక మైట్లతో పోల్చుకుని తేడా తెలుసుకోవచ్చు.

బాగా మైట్లు పట్టిన ప్లాస్టర్ గూటిని ఖాళీ చేయించడానికి నేను కుదుపు పెట్టలేదు. కొత్త ఏఏసీ గూటికి పైపు కలిపి, దాన్ని చీకటిగా, ఒక మూల తడిగా ఉంచి, పాత గూటికి నీరు ఆపి వెలుతురు పడనిచ్చాను. రాణి వెంట అన్నీ వాటంతట అవే తరలివచ్చాయి. కొత్త చోట పొడి వైపు మేత డబ్బా శుభ్రంగా ఉన్నందున, ఒంటి మీద వచ్చిన మైట్లు రాలిపోయాక మళ్లీ సంతానం పెంచుకోలేకపోయాయి. క్రమంగా చీమల పొట్టలు మళ్లీ నిగనిగలాడాయి.

లోపాలు లేకపోలేదు. ఏఏసీని తొలిచేటప్పుడు ధూళి విపరీతంగా లేస్తుంది. ముక్కుకు మాస్కు తప్పనిసరి, తొలిచిన బ్లాకును కడిగి బాగా ఆరబెట్టాలి. గండుచీమలు దాని మెత్తటి గోడలను కొరికి గాజు కింద సందు చేస్తాయి, అందుకని గాజు అంచులను అప్పుడప్పుడు పరిశీలించాలి. మలం మరకలు ఇందులోనూ పోవు. మరీ ముదిరితే బ్లాకునే మార్చాలి, అది చవక కనుక నాకు బాధ లేదు. చీమలు పాకి బయటికి రాకుండా డబ్బా అంచుకు పూసే టాల్కం పౌడరు, స్పిరిట్ ముద్ద వర్షాకాలంలో తేమ పీల్చి పట్టు వదిలేస్తుంది, అప్పుడు అదే పనికి వాడే జారుడు పూత ఫ్లూవాన్ కూడా నమ్మదగింది కాదు. జల్లెడ మూత బిగుతుగా ఉండటమే ముఖ్యం. ఒక్క రాణి, పది పదిహేను చీమలు ఉన్నంత కాలం వీటిలో ఏ గూడూ వద్దు, ఒక చివర నీరు పోసి దూది బిగించిన గాజు గొట్టమే చాలు. చీమలు గొట్టంలో పట్టనప్పుడు ఏఏసీ గూటికి మార్చండి.