మా గెకోకు ఆరేళ్లుగా పెడుతున్న పురుగులు: ఏవి నిలిచాయి, ఏవి మానేశాం

మా అమ్మాయి పోరు పడలేక 2019 అక్టోబరులో ఒక లెపర్డ్ గెకో పిల్లను ఇంటికి తెచ్చాం. మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఒంటిమీద నల్ల చుక్కలు చూసి పాప దానికి మిరియం అని పేరు పెట్టింది. బల్లి జాతే గానీ మన ఇళ్లలో బల్లిలా గోడ ఎక్కలేదు. వేళ్ల కింద అతుక్కునే మెత్తలు ఉండవు, కళ్లకు రెప్పలుంటాయి. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, మన దేశపు వాయవ్య మూలన ఉన్న రాతి నేలలు దీని సొంతూరు. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. కాయా ఆకూ ముట్టదు, కదిలే పురుగే కావాలి. అంటే అన్నేళ్లూ ఇంట్లో పురుగులు ఉండాల్సిందే. కొనేముందు ఈ లెక్క మేం వేసుకోలేదు. మీరు తప్పకుండా వేసుకోండి.

మొదట కీచురాళ్లతో మొదలుపెట్టాం. ఏ పెట్ షాపులోనైనా దొరుకుతాయి, గెంతుతాయి కాబట్టి మిరియం ఉత్సాహంగా వేటాడేది. ఆరు నెలలు పెట్టాక మానేశాం. డబ్బాలో కొంచెం తేమ చేరితే చాలు, కుప్పలుగా చచ్చి కుళ్లు వాసన కొడతాయి. మగవి రాత్రంతా అరుస్తాయి. తప్పించుకున్న ఒక్కటి డిష్‌వాషర్ వెనక చేరి పది రోజులు మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఏమిటంటే, తినకుండా మిగిలిన కీచురాళ్లు రాత్రిపూట గెకోనే కొరుకుతాయి. ఒక ఉదయం మిరియం తోక మీద చిన్న గాట్లు చూశాం. కీచురాళ్లు వేసేవాళ్లు పావుగంట తర్వాత మిగిలినవాటిని ఏరి తీసేయాలి.

అదే కాలంలో మేం చేసిన పెద్ద తప్పు కాల్షియం విషయంలో. పురుగులు ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదని అమ్మినతను చెప్పిన మాట నమ్మేశాం. దాదాపు ఏ మేత పురుగులోనైనా భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటు పొడితో పూడ్చకపోతే గెకో తన ఎముకల్లోని కాల్షియాన్నే వాడుకుంటుంది. నాలుగో నెలలో మిరియం ముందుకాళ్లు వంకరపోయాయి, నడిస్తే వణికేవి. సరీసృపాలను చూసే డాక్టర్ ఎక్స్‌రే తీసి ఎముకల జబ్బు మొదలైందన్నారు. వారాల తరబడి ద్రవ కాల్షియం చుక్కలు నోట్లో వేశాం. కోలుకుంది గానీ కుడి ముందుకాలు ఇప్పటికీ కొంచెం వంకరే. ఆ కాలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇప్పుడు ఏ పురుగైనా కాల్షియం పొడి పట్టించాకే వేస్తాం. పురుగుల్ని చిన్న కప్పులో పొడితో పాటు వేసి రెండుసార్లు ఊపితే సరి. గెకో పెట్టెలో ఒక సీసా మూతనిండా మామూలు కాల్షియం ఎప్పుడూ ఉంటుంది, కావాలనిపిస్తే అదే వచ్చి నాకుతుంది. విటమిన్ డి3 కలిసిన పొడి, మిగతా విటమిన్ల పొడి ఎన్ని రోజులకు ఒకసారి అనేది మాత్రం మీ పెట్టెలో యూవీబీ దీపం (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చేది) ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. డి3 ఎక్కువైనా ప్రమాదమే, కాబట్టి ఆ లెక్క డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

2020 వసంతంలో కరోనా వల్ల షాపులకు వెళ్లడం కుదరక దూబియా బొద్దింకలు తెప్పించాను. దక్షిణ అమెరికా జాతి. మన వంటింటి బొద్దింకతో పోల్చకండి. నున్నటి గోడ ఎక్కలేవు, అరవవు, వాసన చాలా తక్కువ. మగదానికి రెక్కలుంటాయి గానీ ఎగిరిపోదు, ఆడదానికి రెక్కలు మొలకల్లాగే ఆగిపోతాయి. గుడ్లు బయట పెట్టకుండా, ఒక్కో కాన్పుకు 20, 30 పిల్లల్ని నేరుగా కంటాయి.

వాటికి కట్టిన ఇల్లు ఇదీ: సుమారు 70 లీటర్ల నల్ల ప్లాస్టిక్ టబ్, మూతకు కోసిన కిటికీకి ఇనుప జాలీ, లోపల నిలువుగా పేర్చిన గుడ్ల అట్టలు. అట్టలు పడుకోబెడితే పెంట వాటిమీదే పేరుకుంటుంది, నిలబెడితే కిందికి రాలిపోతుంది. పక్కగోడకు హీట్ మ్యాట్, దాని వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్. లోపల 85 నుంచి 95 ఫారెన్‌హీట్ ఉంటేనే పిల్లలు పెడతాయి. మామూలు గది వేడిలో బతుకుతాయి గానీ సంతానం దాదాపు ఉండదు. థర్మోస్టాట్ లేకుండా మాత్రం హీట్ మ్యాట్ పెట్టొద్దు. 20 ఆడవి, ఐదారు మగవి, కొన్ని పిల్లలతో మొదలుపెట్టాను. పుట్టిన పిల్ల పెద్దదవడానికి నాలుగైదు నెలలు పడుతుంది కాబట్టి మొదటి ఆర్నెల్లూ ఆ టబ్ జోలికి పోకుండా మేత బయట కొన్నాను. అక్కడ ఓపిక పట్టనివాళ్ల బొద్దింకల కాలనీలే చప్పబడిపోతాయి.

నా కాలనీ కూడా ఒకసారి పోయేదే. 2022లో టబ్ గోడల మీద తెల్లటి దుమ్ములాంటిది కనబడింది. భూతద్దంతో చూస్తే దుమ్ము కదులుతోంది! మైట్స్, కంటికి ఆనీ ఆనని చిన్న పురుగులు. అప్పుడు మా అమ్మ హిందూపురం దగ్గర మా ఊరి నుంచి వచ్చి ఉంది. వచ్చిన రోజు అల్మారాలో టబ్ చూసి "ఇదేం చోద్యమే, బొద్దింకలకు ఇల్లు కట్టినావా?" అని పక్కకు కూడా రాలేదు. అలాంటిది నా దిగులు చూసి మూత తీయించి, లోపల చెయ్యి పెట్టి, క్యారెట్ ముక్కల కింద అట్ట తడిగా ఉందని చూపించింది. "తాత తడి ఆకు వేయనిచ్చేవాడా? మరిచిపోయినావా?" అంది.

మరిచిపోయాననే చెప్పాలి. మా తాత పట్టుపురుగులు పెంచేవారు. తట్టల్లో పురుగులు మల్బరీ ఆకు నములుతుంటే రేకుల మీద వాన పడ్డట్టు చప్పుడయ్యేది. వానకు తడిసిన ఆకు కోసుకొస్తే గాలికి ఆరబెట్టాకే వేసేవారు, తడి ఆకు తింటే పురుగుకు రోగం వస్తుందని. కుబుసం విడిచే ముందు పురుగు మేత మాని నిశ్చలంగా ఉండే దశను మావైపు జ్వరం అంటారు, అప్పుడు తట్ట ముట్టుకోనిచ్చేవారు కాదు. రెండు తరాల కిందటి ఆ పద్ధతే ఇక్కడికీ పనికొచ్చింది. అమ్మా నేనూ కూర్చుని బొద్దింకల్ని ఒక్కొక్కటిగా జల్లెడలో ఆడించి, శుభ్రమైన కొత్త టబ్‌లోకి, కొత్త అట్టల మీదికి మార్చాం. ఎండు మేత ఒక మూతలో, కూరగాయ ముక్క ఇంకో మూతలో, 24 గంటలు దాటితే తీసేయడం. మైట్స్ మళ్లీ రాలేదు. అమ్మ ఉన్న మూడు నెలలూ టబ్ బాధ్యత తనదే. అవ్వ బొద్దింకలకు మేత వేస్తుంటే మా పాప పక్కనే కూర్చుని పట్టుపురుగుల కథలు అడిగేది.

బొద్దింకకు మనం పెట్టేదే చివరికి గెకో పొట్టలోకి చేరుతుంది. దీన్నే గట్ లోడింగ్ అంటారు. మేతగా వేయడానికి ఒకట్రెండు రోజుల ముందు పురుగులకు చిలగడదుంప, క్యారెట్, ఆవాకు, మునగాకు పెడతాను. పాలకూర పెట్టను, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. ఉప్పూ నూనే తగిలిన వంట మిగుళ్లు అసలు వద్దు. పురుగు పొడవు గెకో రెండు కళ్ల మధ్య వెడల్పు కంటే మించకూడదు. పిల్లగా ఉన్నప్పుడు రోజూ పెట్టేవాళ్లం, ఇప్పుడు రెండు మూడు రోజులకు ఒకసారి ఐదారు చాలు.

మిగతా పురుగుల సంగతి. ఒక పెంకుపురుగు లార్వాలైన మీల్‌వార్మ్‌లు గోధుమ పొట్టులో ఏ శ్రమా లేకుండా పెరుగుతాయి, ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి ఎదగకుండా ఆగుతాయి. వాటి విలువ 2021 ఫిబ్రవరి మంచు తుపానులో తెలిసింది. టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, మా ఇంట్లో దాదాపు రెండు రోజులు లేదు. పొట్టకు వేడి తగలకపోతే గెకోకు తిన్నది అరగదు, అందుకని ఆ రెండు రోజులూ మిరియానికి మేత పెట్టకుండా థర్మాకోల్ పెట్టెలో, తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసాల పక్కన ఉంచాం. టబ్‌కు దుప్పట్లు కప్పినా కొన్ని బొద్దింకలు చచ్చాయి, బతికినవి రెండు నెలలు పిల్లలు పెట్టలేదు. ఆ రెండు నెలలూ ఫ్రిజ్‌లోని మీల్‌వార్మ్‌లే ఆదుకున్నాయి. అదే తరహాలో ఇంకా పెద్దగా ఉండే సూపర్‌వార్మ్‌లను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, చచ్చిపోతాయి.

బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ లార్వాలలో సహజంగానే కాల్షియం ఎక్కువ. పిల్ల గెకోలకు నేను మొదట చెప్పేది ఇవే. వాక్స్‌వార్మ్‌లు తేనెపట్టు మైనం తిని బతికేవి, కొవ్వు ముద్దలు. పాప ముచ్చటపడి వరసగా రెండు వారాలు పెట్టింది, ఆ తర్వాత మిరియం బొద్దింక వైపు తల కూడా తిప్పలేదు. పదకొండు రోజులు ఏమీ తినలేదు. టెన్షన్‌తో రోజూ వంటింటి తూకం మీద పెట్టి చూశాను, 64 గ్రాములు 61 అయింది. గెకో కొవ్వు దాచుకునేది తోకలోనే, అది లావుగానే ఉంది కాబట్టి ఆగాం. పన్నెండో రోజు బొద్దింక తినింది. పిల్లదైనా, తోక సన్నబడుతున్నదైనా అలా ఆగకూడదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పట్టుపురుగులు కూడా ఒక వసంతంలో పెంచాను. మా వీధి చివర మల్బరీ చెట్టుంది, ఆకుకు కొదవలేదు. మెత్తగా, కొవ్వు తక్కువగా ఉండే చక్కటి మేత. వాటిని గెకోకు వేయడానికి మొదటిరోజు చేతులు రాలేదు. రోజూ ఆకు కోయాలి కాబట్టి ఉద్యోగం చేసేవాళ్లకు ఏడాది పొడవునా సాగదు.

పెరట్లో పురుగులు పట్టి పెట్టొద్దు. మందు చల్లిన గడ్డి తిని ఉంటాయి. మిణుగురులైతే మరీ ప్రమాదం, వాటిలోని విషం బల్లుల ప్రాణం తీస్తుంది. వేసవి రాత్రుల్లో ఇక్కడ మిణుగురులు బాగానే తిరుగుతాయి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

దూబియాతో నాకున్న అసలు ఇబ్బంది ఎలర్జీ. పెంట ఎత్తేటప్పుడు లేచే దుమ్ముకు మూడో ఏడాది నుంచి మా వారికి తుమ్ములు, కళ్ల మంట మొదలయ్యాయి. ఇప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకుని గరాజ్‌లోనే శుభ్రం చేస్తాను. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఈ పని పెట్టుకోవద్దు. ఎత్తిన పెంట కరివేపాకు కుండీకి వేస్తాను, చలికాలమంతా లోపలే ఉండే ఆ మొక్క మార్చి వచ్చేసరికి గుబురుగా చిగురిస్తోంది.

పురుగులంటే బొత్తిగా పడనివాళ్లు క్రెస్టెడ్ గెకో తెచ్చుకోండి. న్యూ కలెడోనియా జాతి. అంతరించిపోయిందనుకుంటే 1994లో మళ్లీ కనబడింది. నీళ్లలో కలిపే పండ్ల పొడి మేతతో చక్కగా బతుకుతుంది, పురుగు అప్పుడప్పుడు చాలు.

లెపర్డ్ గెకో ఒక్కటే ఉన్నవాళ్లకు నిజానికి నా అంత కాలనీ అక్కర్లేదు. ఎనిమిది, పది ఆడ దూబియాలతో చిన్న టబ్, ఫ్రిజ్‌లో ఒక కప్పు మీల్‌వార్మ్‌లు, రెండు వారాలకు ఒకసారి సోల్జర్ ఫ్లై లార్వాలు సరిపోతాయి. నాది ఎక్కువైపోయి నెలనెలా వందకు పైగా పిల్లల్ని తెలిసినవాళ్లకు పంచుతున్నాను. ఈ నెల మిరియం బరువు 68 గ్రాములు. వచ్చే ఏప్రిల్‌లో అమ్మ మళ్లీ వస్తోంది, మల్బరీ చిగురు వేసే వేళకు పట్టుపురుగు గుడ్లు తెప్పించి పెట్టమంది.