సీల్డ్ ప్యాక్ అని చెప్పి చెరువు బురద అంటిన మీటర్ అంటగట్టాడు, జాగ్రత్త

భీమవరంలో ఆక్వా (చేపల, రొయ్యల చెరువుల) ల్యాబ్ సామాన్లు అమ్ముతూ, వాట్సాప్ గ్రూపుల్లో రోజూ "సీల్డ్ ప్యాక్, హోల్‌సేల్ రేటు" అని మెసేజ్‌లు తిప్పే ఆయన ఉన్నాడు కదా, ఆయనే. పేరు రాయను, మీకు తెలుసు. నీళ్ళ పీహెచ్ (పులుపు-క్షారం), ఈసీ (కరెంటు ఎంత పారుతుందో, దాన్నిబట్టి ఉప్పదనం), టీడీఎస్ (కరిగిన పదార్థాలన్నీ కలిపి లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో) మూడూ చూపించే మీటర్ 18,500 పెట్టి కొన్నాను. రీసెర్చ్‌లో కొత్తగా చేరాను, గ్రాంట్ ఇంకా రాలేదు, అంతా సొంత డబ్బే. తీరం దగ్గర బోర్లలో ఉప్పదనం మీద నా పని. కాలువ పారుతున్నప్పుడు ఒకసారి, కట్టేశాక ఒకసారి అవే బోర్ల నీళ్ళు చూడాలి. కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయని ఆదరాబాదరాగా కొనేసి మొగల్తూరు వైపు వెళ్ళిపోయాను.

ఒక ఇంట్లో మామ్మగారు "ఈ నీళ్ళతో పప్పు ఉడకదమ్మా" అంటున్నారు. మీటరేమో టీడీఎస్ 590 అంటోంది. తాగునీటికి 500 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. ఆ లెక్కన 590 అంటే పర్లేదు. నేను మామ్మగారి మాట పక్కన పెట్టి మీటర్‌ని నమ్మాను. చదువుకున్నదాన్ని కదా మరి! ల్యాబుకొచ్చి సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ (చుక్కలు చుక్కలుగా కలిపి క్లోరైడ్ లెక్కగట్టే పరీక్ష) చేస్తే ఒక్క క్లోరైడే లీటరుకు 640 మిల్లీగ్రాములు. నీళ్ళలో కరిగినవన్నీ కలిపి 590 అట, అందులో క్లోరైడ్ ఒక్కటే 640 అట. పాము కంటే తోక పొడుగు!

మీటర్ సరిచూసుకోవడానికి ఈసీ కచ్చితంగా తెలిసిన ద్రావణం సీసాల్లో దొరుకుతుంది. అలాంటి 1413 మైక్రోసీమెన్స్ స్టాండర్డ్ ద్రావణంలో ముంచితే 560 చూపించింది. కాలిబ్రేషన్ పెట్టి సరిచేద్దామంటే ఎర్రర్. టార్చి వేసి ప్రోబ్ లోపలికి చూశాను. ఎలక్ట్రోడ్ల మధ్య బూడిద రంగు బురద, ఎండి పెచ్చు కట్టి ఉంది. పీహెచ్ బల్బు మూత దగ్గర తెల్లటి ఉప్పు కనిపిస్తే కంగారుపడకండి, కొత్తదానికీ ఉంటుంది. ఇది ఆ ఉప్పు కాదు. వెనక సీరియల్ నంబరు స్టిక్కర్‌ని గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్, దాని మీద పెన్నుతో "చెరువు 3" అని రాసి ఉంది.

షాపుకి తీసుకెళ్ళాను. ఆయన తాగుతున్న వాటర్ బాటిల్లోనే ప్రోబ్ ముంచి "చూడండి, తక్కువే చూపిస్తోంది, బాగానే ఉంది" అన్నాడు. అన్నీ తక్కువ చూపించే మీటర్ మంచినీళ్ళలో తక్కువ చూపిస్తే అదేం పరీక్షండీ! స్టిక్కర్ చూపించాను. మొహంలో కాస్తయినా మార్పు ఉంటే ఒట్టు. "రైతులు ఇంతమంది కొన్నారు, ఒక్కళ్ళూ ఇలా రాలేదు. పీహెచ్‌డీ అంటున్నారు, మీటర్ వాడటం రాదా అమ్మా?" అన్నాడు. పక్కన మందులు కొనడానికొచ్చిన వాళ్ళు నవ్వారు. సరే, అదీ పడ్డాను. తర్వాత గొంతు తగ్గించి, "డబ్బు వెనక్కి రాదు గానీ, బిల్లు 25 వేలకి రాసిస్తాను. మీ కాలేజీలో పెట్టేసుకోండి, మీకూ మిగులుతుంది" అన్నాడు.

నా 18,500 పోయినందుకంటే ఆ మాటకే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. తప్పుడు సరుకు అమ్మింది తను, దొంగ బిల్లు పెట్టాల్సింది నేను! పైగా అదేదో నా మీద జాలిపడి ఇస్తున్నట్టు మాట్లాడాడు. కాలువలు కట్టేశారు. ఆ రీడింగులన్నీ పనికిరావు, బోర్ల దగ్గర మళ్ళీ మొదలుపెట్టాలంటే కాలువ నీళ్ళు వచ్చేదాకా ఆగాలి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, చూడాలి.

మీటర్ ఎక్కడ కొన్నా 1413 సీసా ఒకటి వెంట తీసుకెళ్ళి, డబ్బిచ్చే ముందు వాళ్ళ ఎదుటే ముంచి చూడండి. స్టిక్కర్ల అంచులూ చూడండి. ఈయన దగ్గర ఇప్పటికే కొన్నవాళ్ళు, ముఖ్యంగా చెరువు ఉప్పదనం ఆ మీటర్‌తోనే చూసుకుంటున్నవాళ్ళు, ఈరోజే ఒకసారి సరిచూసుకోండి.