మడత చాకు ఊగుతోందా? స్క్రూ బిగించే ముందు ఎటు ఊగుతోందో చూడండి

ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలు పెట్టి కొన్న మడత చాకు ఇది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం పూర్తిగా వాడాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే అచ్చులో, ఇదే స్క్రూతో నాలుగైదు పేర్ల మీద చాకులు దొరుకుతున్నాయి, నేను చెప్పేది అన్నిటికీ వర్తిస్తుంది. బ్లేడు పొడవు 8 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు. పిడికి రెండు పక్కలా నల్లటి ఫైబర్, దాని లోపల పల్చటి స్టీలు పట్టీలు. బ్లేడు తెరవగానే ఒక పట్టీ లోపలికి జరిగి బ్లేడు మడమకు, అంటే పిడి వైపు కొసకు, అడ్డం పడుతుంది. దీన్నే లైనర్ లాక్ అంటారు.

మాది నల్గొండ జిల్లా హాలియా దగ్గర బత్తాయి తోట. జేబులో చాకు లేకుండా తోటలోకి పోయే రోజు ఉండదు. ఎరువు బస్తా మూతి కోయాలి, నీటి కొమ్మలు తీయాలి, సుతిలి తెంపాలి, డ్రిప్పు పైపు కోయాలి. పదును విషయంలో ఈ చాకుకు వంక పెట్టను. సానరాయి మీద నాలుగు సార్లు లాగితే చాలు, మళ్లీ కాగితం కోసినట్టు కోస్తుంది. పిడి చేతిలో బాగా ఒదుగుతుంది, చెమట పట్టినా జారదు. అంటు కట్టడానికి మాత్రం వాడొద్దు. రంగపూర్ నిమ్మ మొక్క మీద సాత్‌గుడి బత్తాయి కన్ను ఎక్కించాలంటే అంచును ఒక పక్క నుంచే సాన పట్టిన పల్చటి కత్తి కావాలి. ఈ బ్లేడు అంచును రెండు పక్కల నుంచీ సాన పట్టారు, పైగా మందం.

ఇబ్బంది ఎండాకాలం పోయాక మొదలైంది. చెట్ల వరుసల వెంట వేసే 16 మిల్లీమీటర్ల డ్రిప్పు లేటరల్ పైపు కోస్తుంటే కోత వంకరగా వచ్చేది. కోత సమంగా లేకపోతే జాయినర్ పూర్తిగా కూర్చోదు, మోటరు వేయగానే అక్కడ నీళ్లు చిమ్ముతాయి. చూస్తే బ్లేడు లొడలొడలాడుతోంది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే విప్పితే వారంటీ పోతుంది, తిరిగి పంపండి అన్నారు. ఒక స్క్రూ కోసం చాకును వారాల తరబడి వదులుకోవడం నాకు నచ్చలేదు.

ఈ చాకు స్క్రూకు మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. తలకాయలో ఆరు మూలల నక్షత్రం గుంట ఉంటుంది, టార్క్స్ అంటారు. బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూకు టీ8 సైజు బిట్టు, పిడి చిన్న స్క్రూలకు టీ6 కావాలి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే అలెన్ కీలు చూపించారు. మొబైల్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర మాత్రం ఈ బిట్లు ఉంటాయి. మా బామ్మర్దికి అదే పని, వాడి షాపులోనే కూర్చుని విప్పాం. నేను బిట్టు పెట్టగానే ఆపాడు. "బావా, ఊకె బిగించకు. అది ఎటు కదులుతుందో ముందు చూడు" అన్నాడు. వాడన్నది అసలైన మాట. బ్లేడు కదలికలన్నీ ఒకే రోగం కావు, మందు కూడా ఒకటి కాదు.

ముందు చాకు తెరిచి లాక్ పడనివ్వాలి. ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్లేడు వీపు పట్టుకోవాలి, పదును వైపు వేళ్లు పోనివ్వకూడదు. మెల్లగా కుడికీ ఎడమకూ కదపాలి. పక్కలకు ఊగితే చాలాసార్లు ఇరుసు స్క్రూ వదులైందని అర్థం, లేకపోతే బ్లేడుకు అటూ ఇటూ ఉండే వాషర్లు అరిగి ఉంటాయి. తర్వాత పైకీ కిందకీ కదపాలి. అటు ఆట, అంటే వదులు కదలిక, ఉంటే ఇరుసు ఎంత బిగించినా ఆగదు. అది లాక్ పట్టీ బ్లేడు మడమను సరిగ్గా పట్టుకోకపోవడం వల్లో, బ్లేడు తెరుచుకుని ఆగే చోట ఉండే అడ్డు పిన్ను వల్లో వస్తుంది. అప్పుడు స్క్రూ మీద బలం పెడితే చాకు తెరుచుకోవడం కష్టమవుతుంది, ఊగడం మాత్రం అలాగే ఉంటుంది.

నా చాకులో రెండూ ఉన్నాయి. విప్పి చూస్తే పైకీ కిందకీ ఆటకు కారణం కళ్ల ముందే కనిపించింది. బత్తాయి రసం ఎండి, దానికి మా చెలక నేల ఎర్రదుమ్ము అంటుకుని, లాక్ పట్టీ కొస మీద గోధుమ రంగు పొర కట్టింది. గోటితో గీకితే రాలేదు. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో నానబెట్టి, పళ్లు కుట్టుకునే పుల్లతో తీశాం. శుభ్రం చేసి మళ్లీ పెడితే పట్టీ ఇంకాస్త లోపలికి వచ్చి గట్టిగా ఆగింది, ఆ ఆట పోయింది. అలా శుభ్రం చేసినా లాక్ జారుతుంటే ఆ చాకు వాడకపోవడమే మంచిది. పని మధ్యలో బ్లేడు మూసుకుంటే తెగేది వేళ్లే.

ఇక పక్కలకు ఊగడం. ఇరుసు స్క్రూను ఒకేసారి తిప్పేయకూడదు. గడియారం ముల్లు ఏడెనిమిది నిమిషాలు జరిగినంత తిప్పి, తెరిచి మూసి చూసుకోవాలి, అవసరమైతే మళ్లీ అంతే. మావాడు ఈ పని ఎంతో ఓపికగా చేశాడు. ఆట పూర్తిగా పోయి, బ్లేడు ఇంకా తేలికగా తిరిగే చోటు ఒకటి వస్తుంది, అక్కడ ఆపాలి. కొన్ని చాకుల్లో ఒక పక్క తిప్పితే రెండో పక్క తల కూడా తిరుగుతుంది, వాటికి రెండు బిట్లు కావాలి.

బిగించాక మూసి పైనుంచి చూశాం. బ్లేడు మధ్యలో లేదు, ఎడమ పట్టీని రాసుకుంటోంది. పిడి స్క్రూలు కాస్త వదులు చేసి, బ్లేడును మధ్యకు తెచ్చి, ముందు ఇరుసు, తర్వాత పిడి స్క్రూలు కొంచెం కొంచెంగా బిగిస్తే సర్దుకుంది. పట్టీయే వంగి ఉంటే ఇలా కుదరదు.

స్క్రూ మళ్లీ వదులు కాకుండా మరలకు రాసే నీలం రంగు జిగురు, లాక్‌టైట్ 243, వేశాం. మరలకు జిడ్డు లేకుండా తుడిచి, పుల్ల మొనతో చుక్కలో సగం చాలు, అది కూడా మర మీదే. వాషర్ దగ్గరికి పాకితే బ్లేడే అంటుకుపోతుంది. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది, ఆ రోజంతా కదపకూడదు. ఎరుపు రంగు దాని జోలికి పోవద్దు, మళ్లీ విప్పాలంటే బాగా వేడి చేయాలి, ఆ వేడికి పిడి పాడవుతుంది.

నూనె సంగతి కూడా చెప్పాలి, మా వైపు చాలామంది కొబ్బరినూనె వేస్తారు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, డిసెంబరులో మన దగ్గర రాత్రిళ్లు అంతకంటే చల్లగానే ఉంటాయి. చలికాలం పొద్దున్నే చాకు బిగుసుకుపోవడానికి ఇదొక కారణం, పైగా పాతబడితే జిగురవుతుంది. కుట్టు మిషను నూనె ఒక చుక్క వేసి, తెరిచి మూసి, బయటికి వచ్చింది తుడిచేయండి. ఎక్కువైతే దుమ్మును పట్టుకుంటుంది.

ఇంకో పరీక్ష. మూసిన చాకును తలకిందులు చేసి నెమ్మదిగా ఊపండి. లాక్ పట్టీ మీద చిన్న గోళీ ఉంటుంది, మూసినప్పుడు బ్లేడును ఆపి ఉంచేది అదే. అది పనిచేయక బ్లేడు బయటికి జారుతుంటే ఆ చాకు జేబులో పెట్టొద్దు. ఇరుసు ఎక్కువ బిగించి దాన్ని ఆపాలని చూడొద్దు.

కొనాలా అంటే, చిన్న స్క్రూడ్రైవరు పట్టే ఓపిక ఉన్నవాళ్లు కొనండి, ఈ ధరకు మంచి చాకే. ఆ తలనొప్పి వద్దనుకుంటే రివెట్లతో చేసే విక్టోరినాక్స్ లాంటివి చూసుకోండి. వాటికి తిప్పడానికి స్క్రూ ఉండదు, వదులైతే ఇంట్లో చేయగలిగింది కూడా పెద్దగా ఉండదు. చెక్క పిడి ఒపినెల్ అందంగా ఉంటుంది, కానీ తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. రోజూ నీళ్లలో పనిచేసేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి.

ఈ చాకు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. నైలాన్ వాషర్లు విడిగా ఎక్కడా అమ్మడం లేదు, అవి అరిగిన రోజు చాకు మూల పడేయాల్సిందే. రెండు వాషర్లు, ఒక టీ8 స్క్రూడ్రైవరు డబ్బాలోనే పెట్టి ఇంకో వంద ఎక్కువ అడిగినా ఇస్తాను.